లాజిక్ అడగని ఫైట్లు

హీరో తొడ కొడతాడు. దూసుకొస్తున్న రైలు వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోతుంది. 2003లో బి. గోపాల్ తీసిన ‘పల్నాటి బ్రహ్మనాయుడు’లోది ఈ సీను, తొడ కొట్టింది బాలకృష్ణ. ఇరవై ఏళ్లు దాటినా అది ఫోన్లలో తిరుగుతూనే ఉంది. తెలుగు తెరమీద భౌతికశాస్త్రాన్ని లెక్కచేయని సన్నివేశాలకు వరసలు కడితే మొదటి స్థానం నేను దీనికే ఇస్తాను. ఎందుకంటే అందులో ఒక్కరు కూడా తప్పుచేస్తున్నట్టు మొహం పెట్టరు. హీరో నమ్మాడు, విలన్ నమ్మాడు, రైలూ నమ్మింది. సినిమా తనను తాను నమ్మినంతసేపూ చూసేవాడికి లాజిక్‌తో పనిలేదు.

పుదుచ్చేరిలో ఈ ఇష్టాన్ని పైకి చెప్పుకోవాలంటే కొంచెం మొహమాటం. ఇక్కడ అలియాన్స్ ఫ్రాన్సేజ్ 1889 నుంచి ఉంది. తమిళ నాటకరంగానికి పెద్దదిక్కు శంకరదాస్ స్వామిగళ్ 1922లో కన్నుమూసింది ఈ ఊళ్లోనే. ఏటా ఒక మంచి భారతీయ చిత్రానికి ప్రభుత్వం ఆయన పేరుమీద అవార్డు ఇస్తుంది. ఆంగ్ లీ ‘లైఫ్ ఆఫ్ పై’ కోసం 2011లో వచ్చి ఇక్కడి వీధుల్లో కెమెరా పెట్టాడు. అలాంటి ఊళ్లో సుమోలు గాల్లోకి లేచే సినిమాకు వెళ్లొచ్చిన మనిషి “ఊరికే కాలక్షేపానికి వెళ్లాం లెండి” అనేసి మాట మార్చేస్తాడు. యానాం నుంచి పనులమీద వచ్చేవాళ్లూ, జిప్‌మర్‌లోనూ విశ్వవిద్యాలయంలోనూ చదువుకునే తెలుగు పిల్లలూ, వాళ్ల తమిళ స్నేహితులూ చివరికి కలిసేది మాత్రం ఈ సినిమాల దగ్గరే. “మచ్చా, ఆ ట్రైన్ సీన్ పెట్టు” అనడానికి ఏ భాష వచ్చినా చాలు.

మొహమాటం వదిలేసిన తొలి అభిమానులు

ఆ మొహమాటాన్ని వందేళ్ల కిందటే పక్కన పెట్టింది ఫ్రెంచివాళ్లు. 1913లో లూయీ ఫెయ్యాద్ ‘ఫాంటోమాస్’ తీశాడు, 1915లో ‘లే వాంపీర్’ మొదలుపెట్టాడు. నల్లటి బిగుతు దుస్తుల్లో దొంగలు పారిస్ మేడలమీద పాకుతుంటారు, ఎవరు ఎప్పుడు ఏ వేషంలో ఉంటారో తెలియదు, కథ ఎటు పోతుందో అసలే తెలియదు. పరువుగల విమర్శకులు ముఖం తిప్పుకున్నారు. ఆంద్రే బ్రెతాన్, లూయీ అరగాన్ లాంటి కుర్ర కవులు మాత్రం ఎగబడి చూశారు, తర్వాత వాటిని బాహాటంగా పొగిడారు. సర్రియలిజాన్ని నడిపించినవాళ్లు వీళ్లే. పుదుచ్చేరి అప్పుడు ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది. కాబట్టి ఈ ఊళ్లో పిచ్చి యాక్షన్ సినిమా చూసేవాడు ఫ్రెంచి సంప్రదాయానికి దూరమేమీ కాదు.

ఒకే ఏడాది వచ్చి తమిళంలోకి దూకిన రెండు దెబ్బలు

ఇక్కడ నడివయసు దాటిన తమిళ ప్రేక్షకుడితో తెలుగు సినిమా మాట ఎత్తితే తరచూ వచ్చే పేరు ‘ఇదుతాండా పోలీస్’. మన ‘అంకుశం’ అదే. 1989లో కోడి రామకృష్ణ తీసిన సినిమా. రాజశేఖర్ ఇన్‌స్పెక్టరు, రామిరెడ్డి విలన్. ‘స్పాట్ పెడతా’ అన్న మాటను తెలుగు నాలుకలమీదికి ఎక్కించింది ఆ విలనే. విలన్‌ను రోడ్డు పొడవునా కొడుతూ నడిపించుకెళ్లే దృశ్యాన్ని ఇప్పుడు చూసినా హాల్లో ఈల ఆగదు. అదే ఏడాది రామ్ గోపాల్ వర్మ ‘శివ’ వచ్చింది, తమిళంలో దాని పేరు ‘ఉదయం’. నాగార్జున సైకిల్ చైన్ తెంపిన క్షణం దక్షిణాది ఫైటింగుల తీరునే మార్చింది. ఒకటి నాటు, ఒకటి నాజూకు. రెండూ సరిహద్దు దాటాయి.

మరుసటి ఏడాది వచ్చిన ‘కర్తవ్యం’ లాఠీని హీరోయిన్ చేతికిచ్చింది. తమిళంలో ‘వైజయంతి ఐపీఎస్’ అయింది. ఆ పాత్రకు విజయశాంతి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు అందుకుంది. రౌడీలను చితకబాదిన పాత్రకు ఆ గౌరవం దక్కడం మన సినిమాల్లో చాలా అరుదు. యాక్షన్ సినిమాలో నటన ఏముంటుందని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఈ ఒక్క సినిమానే.

కౌబాయ్, గూఢచారి: అన్నింటా ముందు కృష్ణ

తొలి విశేషాల పట్టికలో కృష్ణతో పోటీపడగలవాళ్లు లేరు. 1966లో ‘గూఢచారి 116’ తెలుగులో మొదటి గూఢచారి చిత్రం, అందులో కథానాయిక జయలలిత. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ తెలుగులో మొదటి కౌబాయ్ చిత్రం. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రాసింది ఆరుద్ర. టోపీలు, గుర్రాలు, నిధి, రాజస్థాన్ ఇసుక, వాటి మధ్య అచ్చమైన తెలుగు మాటలు! ‘ట్రెజర్ హంట్’ అనే పేరుతో అది ఇంగ్లీషులోకి వెళ్లి విదేశాల్లో ఆడింది. 1972లో ఒక్క ఏడాదిలోనే కృష్ణ సినిమాలు పద్దెనిమిది విడుదలయ్యాయి. ఇప్పటి హీరోకు అది పదేళ్ల పని.

ఆ ఇసుకలో చిరంజీవి కూడా 1990లో ‘కొదమసింహం’తో దిగాడు. అదీ ఇంగ్లీషులోకి వెళ్లింది.

ఈ ఊరి సొంత రౌడీ

పుదుచ్చేరి నేపథ్యంలో వచ్చిన సినిమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2015లో విఘ్నేశ్ శివన్ తీసిన ‘నానుమ్ రౌడీ దాన్’. తెలుగులోనూ ‘నేను రౌడీనే’గా వచ్చింది. విజయ్ సేతుపతి పోలీసమ్మ కొడుకు. పోలీసుకన్నా రౌడీకే విలువ ఎక్కువని చిన్నప్పుడే తీర్మానించుకుంటాడు, తీరా చూస్తే కొట్టడం రాదు. నయనతార వచ్చి ఒకణ్ణి చంపడానికి సాయం అడిగితే నిజం చెప్పలేడు. కొట్టలేనివాణ్ణి హీరోని చేసి కూడా యాక్షన్ సినిమా తీయొచ్చని చూపించిన చిత్రమిది. ఫ్రెంచి కట్టడాల వీధులు ఎన్నో సినిమాల్లో పాటలకు వాడుకున్నారు, ఇందులో మాత్రం ఊరు కథలో ఒక మనిషిగా ఉంది.

నమ్మకం ఎంత దూరం సాగుతుంది?

2017లో ‘బాహుబలి 2’ సైనికులు తాటిచెట్లను వంచి, డాళ్లు చుట్టూ పెట్టుకుని కోట గోడల మీదుగా ఎగిరి పడ్డారు. విడిగా చూస్తే పిల్లలాట. కానీ రాజమౌళి అప్పటికి రెండు సినిమాలుగా మాహిష్మతిని కట్టుకొచ్చాడు, కాబట్టి చెట్టు కూడా వంగింది. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. నదిలో మంటల మధ్య పిల్లవాడు చిక్కుకుంటాడు. ముక్కూమొహం తెలియని ఇద్దరు కళ్లతోనే మాట్లాడుకుని, ఒకే తాడు చెరో కొసన పట్టుకుని వంతెనకు అటూ ఇటూ దూకుతారు. అది సాధ్యమా అని అడిగేలోపు స్నేహం కుదిరిపోతుంది. ఆ నమ్మకం జపాన్ దాకా సాగింది. అక్కడ 1998లో విడుదలైన రజనీకాంత్ ‘ముత్తు’ భారతీయ చిత్రాల్లో అత్యధిక వసూళ్ల రికార్డును రెండు దశాబ్దాలకు పైగా నిలుపుకుంది. దాన్ని దాటింది ‘ఆర్ఆర్ఆర్’. లాజిక్ లేకపోవడం ఒక్కటే అయితే సినిమాను అంతదూరం మోయలేదు.

పల్టీల లెక్క, దాని వెల

కారును గాల్లో దొర్లించడానికి దాని కింద ఒక గొట్టం అమరుస్తారు. వాయువు ఒత్తిడితో అది ఒక కడ్డీని నేలలోకి తన్నగానే కారు పైకి లేచి పల్టీలు కొడుతుంది. 2006లో ‘క్యాసినో రాయల్’ కోసం ఆడమ్ కిర్లీ ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్‌కెక్కాడు. 2024 నాటి ‘ది ఫాల్ గై’ కోసం లోగన్ హాలడే ఆస్ట్రేలియా ఇసుకతీరంలో దాన్ని ఎనిమిదిన్నరకు తీసుకెళ్లాడు. పేలుడు రికార్డు ‘స్పెక్టర్’ది: 2015 జూన్ 29న మొరాకోలో 8,418 లీటర్ల కిరోసిన్, ఏడున్నర సెకన్లు.

ఈ అంకెల వెనక మనుషులున్నారు. 2025 జూలైలో నాగపట్నం జిల్లాలో ఒక సినిమా షూటింగులో కారు పల్టీ కొట్టించే స్టంటు చేస్తూ ఎస్.ఎమ్. రాజు ప్రాణం పోగొట్టుకున్నారు. ఎన్నో ఏళ్లుగా తమిళ సినిమాల్లో కార్లు ఎగరేసిన మనిషి. సీటు అంచున కూర్చుని మనం కేకలు వేసే దృశ్యంలో ఉండేది చాలాసార్లు అలాంటివాళ్లే, పేరు మాత్రం చివర్లో చిన్న అక్షరాల్లో పోతుంది.

గుర్తింపు ఆలస్యంగా మొదలైంది. జాతీయ అవార్డుల్లో ఫైట్ మాస్టర్లకంటూ విభాగం వచ్చింది 2017లో, మొదటిది మలయాళ ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ అందుకున్నాడు. తర్వాతి ఏడాదే ‘బాహుబలి 2’కు వచ్చింది. ఆ తర్వాత ‘ఆర్ఆర్ఆర్’, ‘హనుమాన్’ కూడా ఆ వరసలో చేరాయి. ఆస్కార్ అకాడమీ 2025 ఏప్రిల్‌లో స్టంట్ డిజైన్‌కు అవార్డు ప్రకటించింది. ఆ ప్రకటనకు జతచేసిన సినిమా బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ ఒకటి. 2027లో విడుదలయ్యే చిత్రాలతో మొదలుపెట్టి, 2028లో జరిగే నూరవ ఆస్కార్ వేడుకలో తొలిసారి ఇస్తారు.