పాత ల్యాప్‌టాప్‌నీ తట్టి చూసే కొనాలి

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం. ఖంగుమంటే తీసుకుంటాం, లేకపోతే పక్కన పెట్టేస్తాం. బెండకాయ కొస తుంచి చూస్తాం, చేప మొప్ప ఎత్తి చూస్తాం. పాత చీరలకి స్టీలు సామాను ఇచ్చే అతనితో గిన్నె పల్చగా ఉందని అరగంట వాదిస్తాం. ఇన్ని తెలిసిన మనం, వేలు పోసి కంప్యూటర్ కొనే రోజున మాత్రం ‘నాకేం తెలుసు, అవన్నీ మా తమ్ముడు చూసుకుంటాడు’ అని గుమ్మంలోనే ఆగిపోతాం. నేనూ అలాగే ఆగిపోయాను. రూ.15,000 పోయాక గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది. కాలేజీ ఫీజు, హాస్టల్ ఫీజు కట్టేసరికి చిట్టీ డబ్బుల్లో మిగిలింది ఆ పదిహేను వేలే. కొత్త ల్యాప్‌టాప్ మాట తలపెట్టే పని లేదు. అప్పుడే మా వారి స్నేహితుడికి తెలిసినాయన ఒకరు ‘కంపెనీ ల్యాప్‌టాప్ అక్కా, కొత్తది లక్ష పైమాటే’ అంటూ ఇంటికే తెచ్చి చూపించారు. నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క గీత లేదు. బిల్లు అడిగితే ‘మనలో మనకి బిల్లులేమిటక్కా’ అన్నారు. మొహమాటపడ్డాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉందిగా, పూర్తిగా చెప్పక్కర్లేదు.

మూడు వారాలు బాగానే పనిచేసింది. తర్వాత కాస్త నెమ్మదించిందని, సీనియర్ ఎవరో చెబితే మా అమ్మాయి అందులో ఉన్నదంతా చెరిపి విండోస్ మళ్ళీ కొత్తగా మొదలుపెట్టింది. వైఫై కలపగానే తెర మీద ఏదో కంపెనీ పేరు వచ్చింది. ‘మీ ఆఫీసు ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని అడుగుతూ అక్కడే ఆగిపోయింది. రాత్రి పదిన్నరకి ఫోను. ‘అమ్మా, ఇది మనది కాదంటోందే’ అని ఒకటే ఏడుపు. మర్నాడు పొద్దున్నే దానికి ల్యాబ్ ఉంది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే మొదట ‘చూద్దాం’ అన్నారు. తర్వాత ఎత్తడం మానేశారు. రిపేరు షాపులో చూపిస్తే అక్కడి అబ్బాయి రెండు నిమిషాల్లో విషయం తేల్చేశాడు. పెద్ద కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లన్నిటినీ తమ పేరున నమోదు చేసి పెట్టుకుంటాయట. వాడకం అయిపోయి అమ్మేసేటప్పుడు ఆ నమోదు తీసేయాలి. తీయకపోతే, లోపల డిస్క్ చెరిపినా, డిస్కే మార్చినా, ఇంటర్నెట్ తగలగానే అది తన అసలు యజమానిని గుర్తుపట్టేస్తుంది. తీయగలిగింది ఆ కంపెనీ ఒక్కటే. మనం ఏ ముఖంతో అడుగుతాం? బిల్లా లేదు. వాళ్ళు మరిచిపోయి అమ్మారో, ఎవరైనా ఎత్తుకొచ్చారో కూడా మనకి తెలియదు. ఇంటర్నెట్ కలపకుండా విండోస్ ఎక్కించి అమ్మేస్తే ఈ సంగతి బయటపడదు. మాకు జరిగిందీ అదే.

ఇంత జరిగినా రెండోసారి కూడా పాతదే కొన్నాం. చాలామంది ‘ఇంకా బుద్ధి రాలేదా’ అన్నారు. పాతది కొనడంలో తప్పు లేదండీ, తట్టి చూడకుండా కొనడంలోనే ఉంది. ఆఫీసుల్లో వాడే ల్యాప్‌టాప్‌లు గట్టివి. డెల్‌లో లాటిట్యూడ్, హెచ్‌పీలో ఎలైట్‌బుక్, లెనోవోలో థింక్‌ప్యాడ్ అనే రకాలు ప్రత్యేకంగా కంపెనీల కోసం చేసినవి. సాధారణంగా మూడు నాలుగేళ్ళు వాడి కంపెనీలు మొత్తం మార్చేస్తాయి. టోకున కొన్న వ్యాపారులు వాటిని విప్పి, దుమ్ము దులిపి, పాడైనవి మార్చి, విండోస్ ఎక్కించి అమ్ముతారు. రీఫర్బిష్డ్ అంటే ఇదే. ఉన్నదున్నట్టు చేతులు మారితే అది ఉత్త సెకండ్ హ్యాండ్. దుకాణాల్లో ‘ఏ గ్రేడ్’, ‘బీ గ్రేడ్’ అంటూ ఉంటారు. అది ఎక్కువగా పైన గీతలూ సొట్టల లెక్కే గానీ లోపలి ఆరోగ్యం లెక్క కాదు.

గీత పక్కన అంకె

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. ఒక శనివారం పొద్దున్నే నేనూ అమ్మాయీ వెళ్ళాం. అంతస్తులకి అంతస్తులు కంప్యూటర్ కొట్లే. మొదటి కొట్లో కుర్రాడు ‘ఐ7 ఉందాంటీ, తీసుకోండి’ అన్నాడు. ఐ7 అంటే ఐ5 కంటే గొప్పదే కదా అనుకుంటాం. అక్కడే పప్పులో కాలేస్తాం.

ప్రాసెసర్ పేరులో ఐ5, ఐ7 తర్వాత చిన్న గీత ఉంటుంది. దాని పక్కన అంకెలుంటాయి. చూడాల్సింది అవి. ఆ అంకె 1తో మొదలైతే మొదటి రెండంకెలు, లేకపోతే మొదటి ఒక్క అంకె, అదే దాని తరం. 6600 అంటే ఆరో తరం, 8250 అంటే ఎనిమిదో తరం, 10210 అంటే పదో తరం, 1135 అంటే పదకొండో తరం. ఆ కుర్రాడు చూపించిన ఐ7 ఆరో తరంది, 6600. దాంట్లో పనిచేసే కోర్లు రెండే. ఎనిమిదో తరం ఐ5, 8250లో నాలుగున్నాయి. పేరు పెద్దది, ఊరు దిబ్బ అన్నట్టన్నమాట.

ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. అంతకంటే పాతవాటిలోనూ దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తారు. చూడటానికి బాగానే నడుస్తుంది, కానీ అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పిల్లల చదువు నాలుగేళ్ళు నడవాలి కదా. అంచేత ఎనిమిదో తరం కంటే కిందికి దిగకండి. లినక్స్ వాడటం వచ్చినవాళ్ళుంటే వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి మన సలహాలు అక్కర్లేదు కూడా.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో రాసి ఉంటుంది. ర్యామ్ 8 జీబీకి తగ్గకుండా చూసుకోండి. ‘4 ఉంది, తర్వాత వేయించుకోండి’ అంటే ఆ ‘తర్వాత’కి ఎంతవుతుందో అప్పుడే అడగండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. పాత రేట్లు మనసులో పెట్టుకుని లెక్క వేస్తే తప్పుతుంది. డిస్క్ మాత్రం ఎస్ఎస్‌డీ అయి తీరాలి. తిరిగే చక్రం ఉండే పాత హార్డ్ డిస్క్ అయితే, ఆన్ చేసి పాలు పొయ్యి మీద పెట్టి రావచ్చు, అవి పొంగినా తెర రాదు.

సంచీలో ఏం పట్టుకెళ్ళాలి

ఒక పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్, ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఇంకా ఓ రెండు గంటల తీరిక. అన్నిటికన్నా ముఖ్యం ఆ తీరికే. ‘ఆంటీ, త్వరగా చెప్పండి, వేరే పార్టీ వస్తున్నారు’ అన్న కొట్టు మెట్లు దిగేయండి.

మా అనుభవం మీద మేం మొదట అడిగింది ఒకటే. ‘బాబూ, దీన్ని మొత్తం రీసెట్ చేసి, మా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మొదటినుంచి మొదలుపెట్టు’ అన్నాం. ముప్పావుగంట పడుతుందన్నాడు. కూర్చుంటామన్నాం. రెండు కొట్లలో ఒప్పుకోలేదు. మూడోచోట ఒప్పుకున్నాడు. ఏ కంపెనీ పేరూ అడగకుండా మామూలుగా ‘భాష ఏది, దేశం ఏది’ అంటూ ముందుకు సాగి, అమ్మాయి సొంత ఈమెయిల్‌తో తెరుచుకుంది. ఆ తర్వాతే నేను మంచినీళ్ళు తాగాను. ఇంకో తాళం కూడా ఉంటుంది. ఆన్ చేస్తూనే డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కితే బయోస్ అనే తెర వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే, అది తీసేసి ఇస్తేనే కొనండి. ఆపిల్ వాళ్ళ మ్యాక్‌బుక్ అయితే, పాత యజమాని తన ఖాతా తీసేశాడో లేదో ముందు చూసుకోవాలి.

మిగతావన్నీ మన వంటింటి పరీక్షల్లాంటివే. చదునైన గాజు బల్ల మీద పెట్టి చూడండి. ఒక మూల లేచి ఊగుతున్నా, వేలితో రుద్దే టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, లోపల బ్యాటరీ పూరీలా పొంగిందేమోనని అనుమానించాలి. అది ప్రమాదం, అగ్గువకి వస్తోందని ఆశపడొద్దు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కండి. పెన్‌డ్రైవ్‌ని అన్ని రంధ్రాల్లోనూ పెట్టి చూడండి. తెర నిండా తెల్లటి బొమ్మ ఒకసారి, నల్లటి బొమ్మ ఒకసారి పెడితే మచ్చలు బయటపడతాయి. కెమెరా, మైకు చూడాలంటే అక్కడినుంచే ఇంటికి వీడియో కాల్ చేయండి. మూత పదిసార్లు తెరిచి మూయండి. కిర్రుమన్నా, వదులుగా వాలిపోయినా కీలు పని అయిపోయినట్టే.

బ్యాటరీ ఆరోగ్యానికి విండోస్‌లోనే రిపోర్టు ఉంటుంది. దుకాణం కుర్రాడినే ‘బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించు’ అనండి. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి బలం. మేం చూసినదాంట్లో మొదటిది 48,000, రెండోది 29,000. అంటే నూటికి అరవై. ‘కొత్త బ్యాటరీ వేసివ్వు’ అంటే ససేమిరా అన్నాడు. నేనూ వదల్లేదు. చివరికి రూ.19,500 చెప్పినదాన్ని రూ.18,500కి ఇచ్చాడు. ఇది పదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. అదే కొట్లో ఇంకోసారి అదే ధర వస్తుందని చెప్పలేను.

‘ఆంటీ, మీరు ఏ కంపెనీలో చేస్తారు?’ అనడిగాడు ఆ అబ్బాయి, బిల్లు రాస్తూ.

‘వంటింట్లో’ అన్నాను.

బిల్లు అన్నాను కదా, జీఎస్‌టీ నంబరున్న బిల్లే తీసుకోండి. ల్యాప్‌టాప్ అడుగున సీరియల్ నంబరు ఉంటుంది, డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు. అదీ, బయోస్ తెర మీద కనిపించేదీ, బిల్లులో రాసేదీ ఒకటే కావాలి. వారంటీ ఎన్ని నెలలో, బ్యాటరీకీ ఛార్జర్‌కీ ఉందో లేదో కూడా దాని మీదే రాయించుకోండి. నోటి మాట వారంటీ గాలికి పోతుంది. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, కానీ చేతిలో కాగితం ఉండాలి. అది లేకే కదా మా మొదటి పదిహేను వేలూ నీళ్ళల్లో పోసినట్టయింది.

ఇంట్లోనే పెట్టుకుని వాడేవాళ్ళయితే ఆఫీసుల నుంచి వచ్చిన చిన్న డెస్క్‌టాప్‌లూ చూడండి. బ్యాటరీ బెంగ ఉండదు. కాకపోతే మానిటర్, యూపీఎస్ ఖర్చు కలిపి లెక్క వేసుకోవాలి.

మా అమ్మాయి ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండున్నర గంటలు వస్తోంది. లైబ్రరీలో గోడ పక్కన ప్లగ్గున్న కుర్చీ కోసం అరగంట ముందే వెళ్తానంటుంది. తగ్గించిన వెయ్యి రూపాయలు పోపుల డబ్బాలో పడేశాను, కొత్త బ్యాటరీకి ఇంకా కొంత కలవాలి. ఆ మొదటి ల్యాప్‌టాప్ బీరువా మీద పాత పంచెలో చుట్టి ఉంది. మా వారు దాని వంక చూడరు, ఆ స్నేహితుడి ఊసూ ఎత్తరు.