బస్సుకు దారేదీ?

ప్రభుత్వాలు కొత్త బస్సులు ఇస్తున్నాయి. మహిళల టికెట్టు డబ్బులూ తామే భరిస్తున్నాయి. అయినా స్టాపుల్లో ఎదురుచూపులు తప్పట్లేదు. బస్సు కొనడానికి డబ్బుంటే చాలు. అది వేళకు రావాలంటే మాత్రం రోడ్డు మీద కాస్త చోటు కూడా కావాలి!

ఉదయం తొమ్మిదిన్నర. ఏ నగరంలోనైనా ఒక పెద్ద కూడలి. సిగ్నల్ దగ్గర సిటీ బస్సు ఆగి ఉంటుంది. లోపల అరవై మంది. దాని ముందు నాలుగు కార్లు, ఒక్కోదాంట్లో ఒక్కరు. పచ్చలైటు పడగానే ముందు వెళ్లేది ఆ నలుగురే. అరవై మంది వాళ్ల వెనకాలే. మన రోడ్ల మీద లెక్క బండ్లకే కానీ మనుషులకు కాదు మరి.

దీనివల్ల పోయేది ప్రయాణికుల సమయం ఒక్కటే అనుకుంటాం. ప్రజల సొమ్ము కూడా పోతుంది. అదెలాగంటే... ఓ రూట్లో బస్సు వెళ్లి రావడానికి రెండు గంటలు పడుతుందనుకోండి. పది నిమిషాలకో బస్సు నడపాలంటే 12 బస్సులు చాలు. ట్రాఫిక్‌లో చిక్కుకుని అదే ట్రిప్పు మూడు గంటలైతే 18 బస్సులు కావాలి. ఆరు బస్సులు, వాటికి డ్రైవర్లు, కండక్టర్లు, డీజిలు... అన్నీ అదనం. స్టాపులో నిలబడ్డవారికి మాత్రం ఎప్పట్లాగే పది నిమిషాలకో బస్సు! ఆ ఆరూ కొనే స్తోమత లేకపోతే పావుగంటకొకటి. చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్లు పోయడమంటే ఇదే.

రైలుకున్నట్టే... బస్సుకూ!

ఈ చిల్లు పూడ్చే ఉపాయం యాభై ఏళ్ల కిందటే దొరికింది. బ్రెజిల్‌లోని కురిటిబా నగరానికి 1971లో జైమీ లెర్నర్ అనే ఆర్కిటెక్టు మేయరయ్యారు. భూగర్భ రైలు వేయాలంటే బోలెడంత ఖర్చు. అందుకే రైలుకు పట్టాలున్నట్టే బస్సుకు రోడ్డు మధ్యలో సొంత దారి ఇచ్చారు. 1974లో అది మొదలైంది. 1991లో గొట్టాల్లాంటి గాజు స్టాపులు వచ్చాయి. టికెట్టు లోపలికి వెళ్లేటప్పుడే తీసుకోవాలి. స్టాపు ఎత్తూ బస్సు ఎత్తూ ఒకటే కాబట్టి మెట్లెక్కే పని లేదు. ఎక్కి దిగడానికి క్షణాలే!

2000 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగోటా అదే బాట పట్టింది. ఎనభై మంది ఉన్న బస్సుకు, ఒక్కరున్న కారుకన్నా ఎనభై రెట్లు ఎక్కువ రోడ్డు దక్కాలన్నది అప్పటి మేయరు ఎన్రికె పెన్యలోసా వాదన. అక్కడి బస్సు దారులకు కొంత సొమ్ము పెట్రోలు మీద వేసిన పన్ను నుంచే వచ్చింది. లండన్ ఇంకో పద్ధతి ఎంచుకుంది. 2003 ఫిబ్రవరి 17 నుంచి నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రోజుకు 5 పౌండ్ల రుసుము పెట్టింది. ఖర్చులు పోగా మిగిలింది రవాణాకే వాడాలని చట్టం. రుసుము మొదలయ్యేనాటికే అదనపు బస్సుల్ని రోడ్డెక్కించారు.

ఢిల్లీలో తీసేశారు... అహ్మదాబాద్‌లో నిలిచింది

కదలాల్సింది బండ్లు కాదు, మనుషులు అని మన కేంద్రం కూడా 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానంలో చెప్పింది. జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద బస్సులకూ, బస్సు దారులకూ నిధులిచ్చింది.

ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర 2008లో బస్సులకు ప్రత్యేక దారి వేశారు. పక్కన కార్లు బారులు తీరాయి. గొడవ కోర్టుకెక్కింది. దాన్ని ఎత్తేయాలన్న పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టేసింది. అయినా 2016లో ప్రభుత్వమే దాన్ని తొలగించింది. అహ్మదాబాద్ ‘జనమార్గ్’ 2009 అక్టోబరులో మొదలై నిలదొక్కుకుంది. రద్దీ ప్రాంతాలను కలపాలి కానీ మరీ రద్దీ రోడ్లలోంచి వెళ్లకూడదన్నది అక్కడి ప్రణాళికకర్తల సూత్రం. ముందు వెడల్పాటి రోడ్ల మీద నడిపి చూపించారు. మార్గాలను తర్వాత పెంచుకుంటూ పోయారు.

తెలుగు నగరాలకూ ఈ అనుభవం ఉంది. విజయవాడ సత్యనారాయణపురం వైపు, పాత రైలుమార్గం ఉన్నచోట వేసిన రోడ్డును జనం ఇప్పటికీ ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అనే పిలుస్తారు. పేరు నిలిచింది కానీ ప్రత్యేక బస్సుల వ్యవస్థ అనుకున్నట్టు నిలవలేదు. విశాఖలో పెందుర్తి, సింహాచలం మార్గాలు తలపెట్టారు. భూసేకరణ చిక్కులతో సింహాచలం మార్గం పనులు ఏళ్ల తరబడి సాగాయి.

ముగ్గురి చేతుల్లో ఒక బస్సు

ఇప్పుడు నిధులకు కొత్త దారులు తెరుచుకున్నాయి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన ‘పీఎం ఈ-బస్ సేవ’ అంచనా వ్యయం రూ. 57,613 కోట్లు. లక్ష్యం 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్టు కొనకుండా ఎక్కే ప్రతి మహిళ ప్రయాణానికీ ఖజానాయే జవాబుదారీ. అలాంటప్పుడు బస్సు ట్రాఫిక్‌లో నిలబడే ప్రతి నిమిషమూ ఖజానాకు బరువే కదా!

మరి దారి ఎందుకు దొరకదు? బస్సు ఆర్టీసీది. రోడ్డు చాలాచోట్ల కార్పొరేషన్‌ది. సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. ముగ్గురూ ఒకచోట కూర్చుంటే తప్ప బస్సు ముందుకు కదలదు. అలా కూర్చుంటే కోట్లు పోసి కట్టాల్సిన అవసరం కూడా అన్నిచోట్లా ఉండదు. 2019లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో ఒక వరసను అడ్డుకట్టలతో వేరుచేసి బస్సులకిచ్చి చూశారు. కూడలి దగ్గర బస్సుకు ముందుగా పచ్చలైటు పడేలా చూడటం, స్టాపు ముందు ఆటోలు, కార్లు ఆగకుండా కాపలా కాయడం, రద్దీ వేళల్లోనైనా ఎడమ వరసను వదిలిపెట్టడం... ఇవన్నీ చిన్న పనులే. రెండు గంటల ట్రిప్పు రెండు గంటల్లోనే పూర్తయితే, కొత్తగా వచ్చే బస్సుల్లో ఆరింటిని ఇంతవరకూ బస్సు ముఖం చూడని కాలనీలకు పంపొచ్చు.