మిల్లీమీటరులో పదవవంతు

బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిసున పేటెంటు పొందిన సాక్సఫోనుకు ఒడలంతయు ఇత్తడియే. అయినను సంగీతజ్ఞులు దానిని క్లారినెట్టు సరసన కొయ్యవాద్యములలో లెక్కింతురు. కారణము నోట పెట్టుకొను కొనలో ఉన్నది. మౌత్‌పీసు అనబడు ఆ కొనకు బిగించిన పలుచని రెల్లుబద్ద ఊపిరికి అదరును. ఆ అదురే గొట్టములోని గాలిని కదిలించి నాదమును పుట్టించును.

వాద్యముతోపాటు పెట్టెలో వచ్చిన మౌత్‌పీసుతోనే కాలము గడుపువారు కొందరు. పేరుమోసిన విద్వాంసుడు వాడినదే కావలెనని వెదకి ధనము పోయువారు మరికొందరు. నష్టపోవువారు ఎక్కువగా ఈ రెండవ తెగవారే.

బద్దకును మౌత్‌పీసు మొనకును నడుమ సన్నని సందు ఉండును. ఆల్టో సాక్సఫోనుపై పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము వాయించువారు సామాన్యముగా 1.5 నుండి 1.7 మిల్లీమీటర్ల సందును కోరుదురు. జాజ్ వాయించువారికి 2 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండవలెను. రెండు సంగీతలోకముల నడుమ దూరము అర మిల్లీమీటరైనను లేదు! సందు పెరిగినకొలది బద్ద మెత్తనిది కావలెను, పెదవికి పట్టు, ఊపిరికి నిగ్రహము కావలెను. క్రొత్తగా నేర్చు బాలునికి వెడల్పు సందు గలదానిని ఇచ్చినచో స్వరము నిలువదు. తనకు సంగీతము రాదని వాడు వాద్యమునే విడిచిపెట్టవచ్చును.

లోపలి గది సంగతి వేరు. సాక్స్ నాటి మౌత్‌పీసులలో అది విశాలముగా, గుండ్రముగా ఉండి నాదము మృదువుగా పలికెడిది. తరువాత నృత్యవాద్యబృందములలో ట్రంపెట్ల హోరును మించి వినబడుటకై గదిని ఇరుకు చేసి, లోకప్పును దించినారు. మ్రోత హెచ్చినది, మార్దవము తగ్గినది. సిగుర్డ్ రాషెర్ (1907–2001) పాత విశాలమైన గదినే కడదాక సమర్థించినాడు. లోహమైనచో కరకు, ఎబొనైటైనచో మెత్తన అను మాట వాడుకలో ఉన్నది గాని, లోపలి ఆకారము చేయు పని ముందర పదార్థము చేయునది స్వల్పమే.

చేతిపని అన్నంతమాత్రమున మొదటినుండియు చేతితో చెక్కినదని కాదు. ముడి ఆకారమును తరచుగా యంత్రమో అచ్చో ఇచ్చును. పనివాడు దానిని గాజుపలకపై పరచిన సన్నని ఉప్పుకాగితముమీద రుద్దును. రెండు అంచులును సమముగా వంగినవో లేవో పలుచని ఉక్కురేకులు దూర్చి కొలుచును. ఆకురాయితో లోకప్పును తీర్చును. వాయించి విని, మరల రుద్దును. ఒక అంచు రవంత పల్లమైనచో బద్ద కీచుమనును. అరిగినదానిని మరల పెంచుట సులభము కాదు. జాన్ కోల్ట్రేన్ (1926–1967) అంతటివాడు మౌత్‌పీసులు మార్చి మార్చి చూచినాడు. 1963లో వెలువడిన ‘బాలడ్స్’ నాటికి మౌత్‌పీసుతో తాను ఇబ్బంది పడుచుండినట్లు ఆయనయే పిమ్మట చెప్పినాడు.

కావున కొనదలచినవాడు తన వాద్యమును, తాను నిత్యము వాడు బద్దలను వెంట తీసికొనిపోవలెను. పెద్దగా ఊది మురిసిపోరాదు. అట్టడుగు స్వరములను మెల్లగా పలికించి చూడవలెను. లోపము బయటపడునది అక్కడనే. మరునాడు మరల వాయించవలెను. దూరమున మరియొకరిని కూర్చుండబెట్టి వారి చెవితోను వినవలెను.

కర్ణాటక సంగీత విద్యార్థికి మరియొక పరీక్ష కలదు. నాదస్వర విద్వాంసుని కుమారుడైన కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) మైసూరు రాజభవన బ్యాండులో సాక్సఫోను విని ముగ్ధుడై, దానిని కచేరీ వాద్యముగా నిలిపినాడు. మీటలు స్వరములను విడివిడిగా ఇచ్చును. గమకమునకు వలయు జారుడులో చాల పాలు బద్దపై క్రింది పెదవి చేయు ఒత్తిడినుండి రావలెను. తోడిలో గాంధారమును ఊపి, నాదము తెగక ఊగినదో లేదో విన్న పిమ్మటనే వెల అడుగవలెను.