ఎర్ర వైను నుండి పాలపాకెట్టు వరకు

పాలపాకెట్టు మీద “పాశ్చురైజ్డ్” అనే మాటను రోజూ చూస్తూనే ఉంటాం. సికింద్రాబాదులో మెట్టుగూడకు దగ్గరలోని లాలాపేట పాలకేంద్రం దశాబ్దాల తరబడి నగరానికి ఇటువంటి పాలనే పంపింది. అయితే ఈ పద్ధతి పాలకోసం పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశపు వైను, అంటే ద్రాక్షాసవం, చెడిపోకుండా కాపాడటానికి పుట్టినది.

ఎర్ర వైను ఎట్లా తయారవుతుందో ముందు చూద్దాం. నల్లద్రాక్షను చిదిపితే వచ్చే రసానికి సాధారణంగా రంగు ఉండదు. రంగంతా తొక్కలో ఉంటుంది. అందుచేత తొక్కలు, గింజలతో సహా తొట్లలో పులియబెడతారు. ఈస్టు అనే ఏకకణజీవి రసంలోని చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. లెక్కప్రకారం 180 గ్రాముల గ్లూకోజు నుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు రావాలి. ఈలోగా తొక్కలలోని రంగూ, వగరూ రసంలోకి దిగుతాయి. తరువాత వడకట్టి, మేలురకాన్ని ఓక్ కర్ర పీపాలలో నెలల తరబడి మాగనిస్తారు. బోర్డో, బర్గండీ సీమలవారికి ఇది తరతరాల విద్య.

కాని అంత శ్రమపడి చేసిన వైను ఒక్కొక్కప్పుడు పుల్లబడేది, చేదెక్కేది, జిగురుపట్టేది. ఎందుకో తెలిసేది కాదు. ఓడలలో దూరదేశాలకు పంపే వర్తకులకు అది పెద్ద నష్టం. 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఈ సమస్యను లూయీ పాశ్చర్‌కు అప్పగించాడు.

పాశ్చర్ చెడిన వైనును సూక్ష్మదర్శినిలో చూశాడు. ఈస్టు కాక వేరే సూక్ష్మజీవులు అందులో కనిపించాయి. ఒక్కొక్క చెడుగుకు ఒక్కొక్క రకం! ఉదయం తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడటంలోనూ ఇటువంటి జీవుల పాత్ర ఉంది. వైనును మరిగిస్తే రుచి పోతుంది. కాని గాలి తగలకుండా 50–60 సెంటీగ్రేడు డిగ్రీల వరకు కొద్దిసేపు వేడిచేస్తే చాలునని ఆయన తేల్చాడు. 1866లో దీనినిగూర్చి పుస్తకం ప్రకటించాడు.

మరి పులియబెట్టే ఈస్టు పండు లోపలే పుడుతుందా, బయటనుండి వస్తుందా? 1878లో తాను పెరిగిన ఆర్బువా ఊరి దగ్గర తన తోటలో కొన్ని తీగలను అద్దాలగదులతో కప్పించి, గుత్తులకు దూది చుట్టించాడు. ఆ పండ్లను చిదిపినా రసం పులియలేదు. ఆరుబయటి పండ్ల రసం పులిసింది. సూక్ష్మజీవి బయటనుండే వస్తుందన్న ఈ భావమే మనుషుల అంటురోగాలను అర్థం చేసుకోవటానికీ దారిచూపింది.

నేడు మేలురకం ఎర్ర వైనును సాధారణంగా వేడిచేయరు. రుచి చెడకుండా శుభ్రత, సల్ఫర్ డయాక్సైడు, వడపోతలతో కాపాడతారు. పాశ్చర్ పేరు పాలకు మిగిలింది. పాలను 72 డిగ్రీలలో 15 సెకండ్లు ఉంచి వెంటనే చల్లార్చుతారు. క్షయవంటి రోగాల క్రిములు చస్తాయి. కాని అన్ని సూక్ష్మజీవులూ చావవు. అందుకే పాకెట్టును చల్లగా ఉంచాలి.

తరగతిలో దీనిని సులభంగా చూపవచ్చును. రెండు గాజుగొట్టాలలో పచ్చిపాలు పోసి దూదితో మూయండి. ఒకదానిని 63 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి చల్లార్చండి. రెండింటినీ బల్లమీద పెట్టి, ఏవి ముందు విరుగుతాయో విద్యార్థులచేత గమనింపజేయండి.