పాలు మాన్పిస్తేనే ముప్పు

తొలిచూలు బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఆ తల్లిదండ్రులకు కాళ్లూ చేతులూ ఆడవు. దిష్టి తీయమనేవారొకరు, పాలు మాన్పించమనేవారొకరు. దిష్టి తీస్తే నష్టమేమీ లేదు. పాలు మాన్పిస్తేనే ప్రమాదం. ఒంట్లో నీరు ఇంకిపోయే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. ఓఆర్ఎస్ పొట్లంలో ఉండేదీ ఆ సరుకే. లీటరు పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం సగం వేస్తే పాళ్లు తప్పుతాయి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతయితే పది నిమిషాలాగి మళ్లీ పట్టాలి. మర్నాటికి మిగిలింది పారబోయాలి.

కళ్లు గుంటలు పడినా, బిడ్డ మగతగా ఉండి పాలు పట్టకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. రెండు నెలల్లోపు పసికందునైతే ఇవేవీ కనిపించకముందే చూపించాలి.