మొగ్గ కుట్టు – దాని కూలి

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతమున స్త్రీలు ఇంటిపట్టున అల్లు క్రోషియా లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. క్రోషియా అల్లికలో మొగ్గ వలె ఉబ్బి కనబడు కుట్టొకటి కలదు. ఆంగ్లమున దీనిని పాప్‌కార్న్ అందురు.

దీనిని నేర్చుట కష్టము కాదు. క్రింది వరుసలోని ఒకే కుట్టునందు, సూదిపై దారమును ఒకసారి చుట్టి వేయు నిలువు కుట్లు అయిదు వేయవలెను. పిమ్మట కొక్కెపు సూదిని ఉచ్చు నుండి తీసి, ఆ అయిదింటిలో మొదటి కుట్టు తలలో ముందువైపు నుండి గ్రుచ్చి, విడిచిన ఉచ్చును దాని గుండా లాగవలెను. తుదకు ఒక గొలుసు కుట్టు వేసి బిగించినచో మొగ్గ లేచును. దారము వదులైనచో అది అణగిపోవును.

పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయమిది: మొగ్గ ఆక్రమించునది ఒక్క కుట్టు చోటు, దానికగు నూలు, శ్రమ అయిదు కుట్లవి. కావున కొలతను బట్టి మాత్రమే కూలి కట్టినచో అల్లువారికి నష్టము. మహిళా సంఘములు వర్తకులతో ధర మాట్లాడుకొనునపుడు, ముందుగా ఒక నమూనా అల్లించి, పట్టిన కాలమును, నూలును లెక్కించి కూలి నిర్ణయించునట్లు సభ్యులు తోడ్పడవలెను. తగిన ప్రతిఫలము దొరికిననే ఈ నేర్పు తరువాతి తరమునకు అందును.