"రఫ్"లో జీ, హెచ్ ఎందుకు?

పిల్లలూ, మీ అందరి దగ్గరా రఫ్ నోటుబుక్కు ఉండే ఉంటుంది. దాని అట్టమీద ఆ మాటను ఇంగ్లీషులో రాయడమే చిక్కు. చెవికి వినిపించినట్టు ఆర్, యు, ఎఫ్ అని రాస్తే డిక్టేషన్‌లో మార్కు పోతుంది. ఆర్, ఓ, యు రాసి, ఆపైన జీ, హెచ్ పెట్టాలి! పలికేది "ఫ" అయితే ఆ రెండక్షరాలూ ఎందుకొచ్చినట్టు?

వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లండులో ఈ మాటను "రూహ్" అనేవాళ్ళు. చివరి హకారం మన "హ" వంటిది కాదు. గొంతు సవరించుకునేటప్పుడు గీరుకుంటూ వస్తుందే, అటువంటి ధ్వని. ఆ కాలంలో ఈ మాటకు ముఖ్యమైన అర్థం ఏమిటో తెలుసా? బొచ్చుగలది, వెంట్రుకలు నిండినది! 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఒక మేకను "రఫ్" అన్నారు. అంటే ఆ మేక మొరటుదని కాదు, దాని ఒంటినిండా బొచ్చు ఉందన్నమాట.

బొచ్చుమీద చెయ్యి వేస్తే నున్నగా ఉండదు గదా! అందుచేత నున్నగా లేనిదల్లా రఫ్ అయింది. గోడ, దారి, అలలు లేచిన సముద్రం, కటువైన మాట, సాన పట్టని వజ్రం - అన్నీ అందులోనే చేరాయి. నగిషీ చెయ్యని పని కూడా రఫే గనక, లెక్కలు చిత్తుగా చేసుకునే పుస్తకానికీ ఆ పేరే వచ్చింది. మనం మాత్రం ఇంత పని ఒక్క మాటమీద వెయ్యం. గోడ గరుకు, పిండి బరక, మనిషి మొరటు, పుస్తకం చిత్తు!

ఇక జీ, హెచ్ సంగతి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరవాత, లేఖకులు ఆ గొంతు ధ్వనికి క్రమంగా ఈ రెండక్షరాలనూ వాడసాగారు. 1476లో కాక్స్‌టన్ అక్కడ అచ్చుయంత్రం నెలకొల్పాడు. అచ్చు వచ్చాక రాత మెల్లగా స్థిరపడింది గాని, నాలుక ఊరుకుంటుందా? గొంతు ధ్వని కొన్ని మాటల్లో పెదవులమీదికి వచ్చి "ఫ" అయింది: రఫ్, టఫ్, లాఫ్, ఎనఫ్. నైట్, డాటర్ వంటి మాటల్లో అసలే మాయమైంది. స్కాట్లండులో పాత పలుకుబడి విడవనివాళ్ళు నైట్‌ను ఈనాటికీ "నిఖ్ట్" అంటారు.

జర్మను భాషలో ఈ మాటకు చుట్టం ఒకటుంది: "రౌ". దాని చివర కూడా పలకని హెచ్ ఒకటి ఉండేది. 1996లో కుదిరిన కొత్త వర్ణక్రమంలో జర్మనులు దాన్ని కొట్టేశారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం తమ జీ, హెచ్‌లను అలాగే ఉంచుకున్నారు.